బోల్టుల మీద బురద

హలో… ఆ, నేనేరా బామ్మర్దీ. బావని.

కొత్త నంబరులే. మన నంబర్ల నుంచి మాట్లాడుకోవద్దని అనుకున్నాంగా.

…

ఎలా ఉన్నావు? గది పర్లేదా… ఉక్కపోస్తే పొయ్యనీ, కిటికీ మాత్రం తియ్యకు. భోజనం పైకే తెప్పించుకో, నువ్వు మెట్లు దిగొద్దు… ఎవరూ అడగలేదుగా నీ గురించి?

… మంచిది. అలాగే ఉండు. గోల సద్దుమణిగాక నేనే వచ్చి తీసుకొస్తా.

ఆయనా? బాగానే ఉన్నాడురా. మన కలప మిల్లు రంపం మేస్త్రికేం, మొద్దులు మోసిన ఒళ్ళు… ఆ, కళ్ళు తెరిచాడు. నిన్న పాలు తాగాడట, వాళ్ళావిడ చెప్పింది… ఏడవకు. నువ్వు ఏడిస్తే ఆయన పక్కటెముకలు అతుక్కుంటాయా?

నువ్వేం కావాలని గుద్దావా. క్లచ్ తొక్కావు, బండి ఆగలేదు. ఆయన మొద్దుల గుట్టకీ ట్రాక్టర్‌కీ మధ్య నిలబడి ఉన్నాడు. అంతేగా జరిగింది…

తెలుసురా. చెప్పావు. "క్లచ్ విడవట్లేదు బావా, అడుగంటా తొక్కినా బండి పాకుతోంది, ఎవడో ఒకడు పోతాడు" అని చెవినిల్లు కట్టుకుని పోరావు. నేనే ఈ లోడు కానీ, ఆ లోడు కానీ అన్నాను… సరే, తప్పు నాదే. చాలా?

అందుకే ఫోన్ చేశా. ఆ క్లచ్ మార్చేస్తున్నాను.

…

ఇంట్లోనే. వెనక షెడ్డులో… మెకానిక్ ఎందుకు, వాణ్ణి పిలిస్తే ఇవాళ రేపంటాడు. నేనూ మీ అక్కా… నవ్వు, నవ్వు. నిన్న పొద్దుటి నుంచి అదే పని. షెడ్డు దూలానికి బరువులెత్తే చైన్ బ్లాకు కట్టాం. ఇంజను కింద దుంగలు పేర్చాం… పెట్టాంరా, ముందు ఇరుసుకి రెండు పక్కలా చెక్క ఆపులు కొట్టాకే బోల్టులు విప్పాం. ఇదివరకు నువ్వు విప్పినప్పుడు మీ అక్క లైటు పట్టుకుంది కదా, అన్నీ ఆమెకే గుర్తున్నాయి.

బండి రెండు ముక్కలై కూర్చుంది. ఇంజనూ ముందు చక్రాలూ ఒక పక్క. సీటూ పెద్ద చక్రాలూ ఇంకో పక్క. మధ్యలో మనిషి పడుకునేంత జాగా. మీ అక్క ఆ జాగాలోనే పీట వేసుకుని కూర్చుంది.

చిక్కెక్కడంటే, కలవట్లేదు. కొత్త ప్లేటు బిగించాం, వెనక ముక్కని తోసుకొచ్చాం, రెండు వేళ్ళ సందు దగ్గర మొండికేసింది. ఇద్దరం వీపులు పెట్టి తోసినా కదలట్లేదు. ఇక పొడుగు బోల్టులు పెట్టి, బిగించి లాగేద్దామా అని—

సరే సరే. అరవకు. బిగించం.

… చెవి పగులుతుందా? క్లచ్ గూటి అంచుకి బోల్టు పట్టే చెవి… పోతపోసిన ఇనుము, వంగదు, పుటుక్కుమంటుంది. అలాగా. నిన్నడగడమే మంచిదైంది.

ఒక్క నిమిషం లైన్లో ఉండు.

ఏమేవ్… పానా కింద పెట్టు. బిగిస్తే పగులుద్దంటున్నాడు… మెల్లగా మాట్లాడు, ఫోన్ని అరచేత్తో మూశాలే. లేదు, వాడికేం తెలీదు. మేస్త్రి పోయాడని చెప్పలేదు. బండి తనిఖీకి వస్తున్నారనీ చెప్పలేదు. రెండు ముక్కలూ ఒకటయ్యేదాకా నువ్వు నోరు మెదపకు. తెలిస్తే వాడొక్క ముక్క చెప్పడు… షెడ్డు తలుపు గడియ పడిందో లేదో చూసిరా.

ఆ, చెప్పరా చిన్నోడా.

… అక్కతోనే. టీ పెట్టమంటున్నా… ఇస్తా, ఇస్తా. ఆమె మోచేతుల దాకా గ్రీజు. పనయ్యాక మాట్లాడుదువుగాని, తీరిగ్గా.

ముందు ఇది చెప్పు. ఇప్పుడేం చెయ్యాలి?… ప్లేటు ఉబ్బు ఏ వైపుందా? గేర్‌బాక్సు వైపే. పాతది తీసేటప్పుడే మీ అక్క సుద్దతో గుర్తేసుకుంది… నడిమధ్యకి ఉందా అంటే, కంటితో చూసి పెట్టాం… కంటితో కుదరదా? మరి?

చెక్కతోనా… గుండ్రంగా ఉండాలి, చివర సన్నగా ఉండాలి. ప్లేటులోంచి పోయి అవతలి బేరింగులో దూరాలి. అది దూర్చి పెట్టుకుని, అప్పుడు ప్లేటు మీది మూతకి చుట్టూ బోల్టులు బిగించాలి. ఓహో. ప్లేటు అటో ఇటో జరిగి కూర్చుంది కాబట్టి గేర్‌బాక్సు షాఫ్టు అందులోకి వెళ్ళట్లేదంటావు.

… నువ్వు చేసిన చెక్క షెడ్డులోనే ఉందా? ఎక్కడ… కిటికీ పైన, గ్రీజు డబ్బా వెనక.

ఏమేవ్, కిటికీ పైన చూడు. డబ్బా వెనక… ఆ, అదే, గరిటె కాడలా ఉంది చూడు, అదే.

దొరికిందిరా. భలేవాడివి. ఎంత నున్నగా చెక్కావు, రోకలికి కూడా ఇంత నునుపుండదు. నీలాంటివాణ్ణి తీసుకెళ్ళి ట్రాక్టర్ మీద కూర్చోబెట్టాను, నాదీ బుద్ధితక్కువ. మిల్లులో మంచి పనికి పెట్టాల్సింది.

… ఇప్పటికైనా పెడతాలే. రానీ నువ్వు.

వెనక ముక్కని మళ్ళీ వెనక్కి లాగుతున్నాం. ఫోను భుజం మీద ఇరికించుకున్నా, కాస్త గరగరలాడుద్ది. కట్ చెయ్యకు.

…

…

ఉన్నావా? మూత వదులు చేసి చెక్క దూర్చింది, ప్లేటు మధ్యకొచ్చింది. ఇప్పుడు చుట్టూ బిగిస్తోంది… ఆ, ఎదురెదురుగానే. ఒకటి ఇటు, ఒకటి అటు, కొంచెం కొంచెం. ఆమెకి నువ్వు చెప్పాలా? చంటిపిల్లాడికి స్నానం చేయించినట్టు చేస్తోంది.

… నీకు చేయించిందిగా, అవును. అందరికీ చెప్తుంది ఆ సంగతి. సబ్బు కళ్ళలో పడితే వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేవాడివట.

చెక్క తీసేసింది. తోస్తున్నాం… వస్తోంది… ఆగింది. ఈసారి ఒక్క వేలు సందే.

… ఇంజను తిప్పాలా? చేత్తోనా?… ముందున్న పుల్లీ బోల్టుకి పానా పెట్టి. షాఫ్టు పళ్ళు ప్లేటు పళ్ళలో కూర్చోవాలి కదా, ఒక పన్ను అడ్డం వచ్చుంటుంది. సరే. నేను వెనక నుంచి తోస్తుంటా, ఆమె ముందు నుంచి తిప్పుతుంది.

ఏమేవ్, పానా పట్టు. వెంట్రుకవాసి తిప్పు… ఇంకాస్త… ఇంకాస్త…

అబ్బ.

విన్నావా? ఒరలోకి కత్తి దూరినట్టు దూరింది. చుట్టూ వేలు పెట్టి చూస్తున్నా, గోరు పట్టే సందు లేదు. నువ్వక్కడ మంచం మీద పడుకుని, ఇక్కడ బండి కలిపావురా. నువ్వు మామూలోడివి కాదు.

… పాత ప్లేటా? నా కాళ్ళ దగ్గరే ఉంది. నువ్వన్నట్టే, స్ప్రింగు విరిగి అడ్డం పడింది. మూతకున్న ఇనప వేళ్ళలో ఒకటి వంకరపోయింది. ఇక ఎంత తొక్కినా ఏం విడుస్తుంది… ఎందుకు దాచడం?

… రేపు ఎవరన్నా అడిగితే చూపించడానికి. తప్పు బండిది, నీది కాదని. ఆ… బాగానే ఆలోచించావు. దాస్తాలే. గుడ్డలో చుట్టి బీరువాలో పెడతా, మీ అక్క పెళ్ళిచీర పక్కన.

ఒక్క నిమిషం.

ఏమేవ్, ఫోన్ మూశాలే, ఇవి తీసుకెళ్ళి వెనక పాతబావిలో వదిలేసిరా. ప్లేటూ, మూతా, బేరింగూ, అన్నీ. గోనెలో చుట్టు… విసరకు, తాడు కట్టి దించు, పక్కింటివాళ్ళకి చప్పుడు వినపడుద్ది. తాడు కూడా వదిలెయ్.

ఆ, చెప్పు. బోల్టుల దగ్గరున్నాం కదా.

… అన్నీ ముందు చేత్తో పట్టించాలి. తర్వాత పానా. కింద నుంచి మొదలుపెట్టాలి. ఆ తర్వాత డీజిలు పైపులు, వైర్లు, స్టీరింగు రాడ్డు. ఎంతసేపైనా లైన్లో ఉంటావా? చార్జింగు పెట్టుకో మరి. నీ ఓపికకి దణ్ణం.

…

…

హలో. నిద్రపోయావా?… లేదా. ఇంతసేపూ అలాగే చెవికి పెట్టుకుని కూర్చున్నావా? పిచ్చోడా.

అన్నీ బిగిశాయి. డీజిలు పైపులో గాలి కూడా తీసేశాం. ఇక పెడల్ సంగతి చెప్పు. తొక్కితే పైన ఎంత ఖాళీ ఉండాలి?… రెండు వేళ్ళు. అక్కణ్ణుంచి బరువు తెలియాలి. ఆ, అంతే ఉంది.

స్టార్ట్ చేస్తున్నాం… నేను కాదు, మీ అక్క. సీటెక్కింది. చీరకొంగు దోపుకుని కూర్చుంటే అచ్చం నీలాగే ఉంది, వీపు అదే వంకర… నువ్వే నేర్పావటగా తోలడం, నాకు తెలీకుండా. నాకిప్పుడే చెప్పింది.

ఫోను బండి దగ్గర పెడుతున్నా, విను.

…

విన్నావా? క్లచ్ తొక్కి గేరు వేసింది. కిర్రుమనలేదు, గరగరలాడలేదు. గేరులోనే ఉంది బండి, అంగుళం కదలట్లేదు… మెల్లగా వదిలింది, పిల్లి అడుగేసినట్టు కదిలింది… మళ్ళీ తొక్కింది, ఆగింది. ఎక్కడ తొక్కితే అక్కడ ఆగుతోంది.

సంతోషమా?… నాకూ సంతోషమేరా. ఎంత సంతోషమో నీకిప్పుడు చెప్తే అర్థం కాదు.

ఏమేవ్, ఆపెయ్ ఇక. చల్లారాలి.

సరే బామ్మర్దీ. ఇప్పుడు చెప్తా, కంగారుపడకుండా విను. రంపం మేస్త్రి పోయాడు.

…

పోయాడురా. మొన్ననే. కళ్ళు తెరవనే లేదు… పాలు లేవు, ఏమీ లేవు. మరి నువ్వు ఏడుస్తూ కూర్చుంటే నాకు చెక్క సంగతి ఎవడు చెప్తాడు?

… కాసేపు ఏడువు. నేను వింటాలే.

… అయిందా? విను. దెబ్బ తగిలిందన్నంతవరకు ఎవరికీ పట్టలేదు. చావు అనేసరికి కదిలారు. బండిని తనిఖీ చెయ్యడానికి ఒకాయన వస్తున్నాడు, స్టేషన్ నుంచి ఇంకొకాయన. కాసేపట్లో వచ్చేస్తారు. క్లచ్ పనిచేస్తోందా, బ్రేకు పడుతోందా, అదే చూస్తారు. అవి పాడై ఉంటే తప్పు యజమానిది. బాగుంటే తప్పు తోలినవాడిది. అంతే తేడా.

అవి బాగున్నాయి. నువ్వే విన్నావుగా.

…

అర్థమైందన్నమాట. నీకు ఆలస్యంగా అర్థమవుతుంది కానీ, పూర్తిగా అవుతుంది. చిన్నప్పటి నుంచీ అంతేనట.

అరిచి లాభం లేదు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. స్టేషన్‌కి వెళ్ళి కాలు జారిందని చెప్పు. ఏమరుపాటన్నా సరే. కొన్నాళ్ళుండి వస్తావు. కుర్రాడివి, నీకేం. నేను లోపలికెళితే మిల్లు మూతపడుద్ది. మిల్లు మూతపడితే మీ అక్క ఎవరింటికెళ్తుంది, నీ లాడ్జికా?

… ఎవరికి చెప్పావు క్లచ్ పాడైందని? నాకు. ఇంకెవరి ముందన్నావు?… మేస్త్రి ముందు. ఔను, నాకూ గుర్తుంది. "కుర్రాడు అంతలా చెప్తున్నాడు, మార్పించండి" అని ఆయన కూడా అన్నాడు. ఆయన్నే పిలుచుకో సాక్ష్యానికి.

… దాక్కోమన్నది నేనా? నేనెప్పుడన్నాను? గది ఎవరి పేరు మీద ఉంది?… నీ పేరే. మనిషిని గుద్ది, ఊరు దాటి, గది తీసుకుని కిటికీలు మూసుకుని కూర్చున్నావు. వినేవాడికి ఎలా ఉంటుందో నువ్వే చెప్పు.

… కొత్త ప్లేటు కొట్లో కొన్నట్టు తెలుస్తుందా? తెలిసిన కొట్లో కొంటే కదా.

ఏంటి?

… బోల్టులా? ఏమయింది బోల్టులకి?

…

తనిఖీ ఆయన ముందు చూసేది అదేనా… పానా పడ్డ చోట తళతళ మెరుస్తాయి. రంగు పగిలి ఉంటుంది. అతుకు చుట్టూ పాత జిడ్డు ఉండాలి, ఇప్పుడు తుడిచిపెట్టినట్టుంది. చూసిన మరుక్షణం తెలిసిపోతుంది, నిన్నో మొన్నో విప్పారని. మేమిద్దరం కటకటాలు లెక్కపెట్టుకుంటాం. అంతేనా నువ్వనేది?

… ఉండు, వంగి చూడనీ.

ఒరే. నిజమేరా. కొత్త పెళ్ళికూతురి గాజుల్లా మెరుస్తున్నాయి. మా ఇద్దరికీ తట్టనే లేదు.

ఏమేవ్. తూము పక్కన బురద తట్టతో ఎత్తుకురా. పాత ఆయిలు డబ్బా కూడా. బోల్టులన్నిటి మీదా పులుము, అతుకు చుట్టూ తిరిగిరా… పలచగా కాదు, దట్టంగా. ఆరకముందే పైన రంపంపొట్టు చల్లు, మిల్లు బండి కదా… దూలం నుంచి ఆ చైను విప్పి దాచు. దుంగలు గుట్టలో కలిపెయ్. నీ ముఖం మీద కూడా ఆయిలుంది, తుడుచుకో.

… ఏరా, లైన్లోనే ఉన్నావా?

ఇంకేమన్నా మర్చిపోయామా? చెప్పు, నీకు తెలిసినంత మాకు తెలీదు… ఇక ఏమీ చెప్పవా? ఇప్పుడొచ్చిందా తెలివి?

…

అక్కనా? ఇస్తా, ఇస్తానన్నాగా.

ఏమేవ్, నీ తమ్ముడు. మాట్లాడతావా?

… తల అడ్డంగా ఊపుతోందిరా. బురద చేతులట.

ఆమెకేం తెలీదా? నేను బెదిరించి చేయిస్తున్నానా? నీ నమ్మకం చూస్తే నాకే జాలేస్తోంది. నిన్ను లాడ్జికి పంపేద్దామన్నది ఎవరనుకున్నావు? మెకానిక్ వద్దు, వాడి నోరు మంచిది కాదు, చిన్నోడికి ఫోన్ చెయ్యండి, బండి పనంటే వాడికి ముద్ద కూడా గుర్తుండదు, అన్నీ చెప్పేస్తాడు… ఈ మాట నాదనుకున్నావా? నాకంత బుర్రుంటే ఆ క్లచ్ ఎప్పుడో మార్చేవాణ్ణి.

… పెంచింది. చంకనేసుకుని పెంచింది. ఎవరు కాదన్నారు? పెంచింది కాబట్టే నువ్వెక్కడ మెత్తగా ఉంటావో ఆమెకి తెలుసు.

… నేనేం చెయ్యమంటావు? ఇద్దరిలో ఒకణ్ణే ఉంచుకోగలదు. ఇల్లు నడిపేవాణ్ణి ఉంచుకుంది. నువ్వయినా అదే చేస్తావు. చెయ్యవా?… చెయ్యవు. అందుకే నువ్వక్కడున్నావు, నేనిక్కడున్నాను.

ఇప్పుడా? బురద పులుముతోంది. ఒక్కో బోల్టుకీ బొటనవేలితో అద్ది, వెనక్కి జరిగి చూసుకుని మరీ అద్దుతోంది. ముగ్గేస్తున్నట్టుంది.

…

ఎంతైనా తిట్టు. ఇవాళ ఎంత తిట్టినా పడతా, నీకంత బాకీ ఉన్నాను.

… వస్తావా? ఇప్పుడే బయల్దేరి వచ్చి అందరికీ చెప్తావా? చెప్పు. క్లచ్ పాడైందని చెప్తావు. వాళ్ళు తొక్కి చూస్తారు. నీ ముఖం చూస్తారు. మళ్ళీ తొక్కి చూస్తారు.

ఉష్… ఉండు. జీపు చప్పుడు.

వచ్చారు. ఏమేవ్, తట్ట తీసెయ్. వెళ్ళి మొక్కల దగ్గర నిలబడు, చేతులకి మట్టి ఎందుకయిందంటే చెప్పడానికుంటుంది. కొంగు దింపుకో. ఏడుపు రాకపోతే తల వంచుకో, చాలు. గడియ నేను తీస్తా.

నువ్వు కట్ చెయ్యకు బామ్మర్దీ, ఇంకో చిన్న పనుంది నీతో. ఎంత అరిచినా పర్లేదు, నా బొటనవేలు ఫోన్ కట్ చేసే ఎర్ర గుర్తు మీదే ఉంది.

…

ఒరే నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటానురా, ఎక్కడున్నావో చెప్పరా… రండి సార్. రండి, లోపలికి రండి… మా బామ్మర్దే సార్. ఇన్నాళ్ళకి దొరికాడు లైన్లో. పొద్దుటి నుంచి బతిమాలుతున్నా…

వచ్చెయ్‌రా. మనిషి ప్రాణం పోయింది, దాక్కుంటే పోయేదా అది? మీ అక్క ముద్ద ముట్టట్లేదు. వచ్చి తల వంచుకో, నీ పక్కన నేను నిలబడతా. నా కొడుకు లాంటివాడివి నువ్వు…

క్లచ్ అంటున్నాడు సార్. క్లచ్ పాడైందట. బీరువాలో చూడమంటున్నాడు, బోల్టులు చూడమంటున్నాడు. ఏమేమో మాట్లాడుతున్నాడు సార్, మతి చలించినట్టుంది… మీరే చూడండి, బండి ఎక్కడికీ పోలేదు, షెడ్డులోనే ఉంది. మీరొస్తున్నారని ఇందాకే ఒకసారి స్టార్ట్ చేసి చూశా, నిలబెట్టిన బండి కదా, తిరుగుతుందో లేదోనని. ఇంకా వేడిగానే ఉంటుంది.

… ఆవిడా? వాడి అక్క సార్. వాణ్ణి పెంచింది ఆవిడే. ఏమీ అడక్కండి, తట్టుకోలేదు.

ఎక్కండి సార్. తొక్కి చూడండి… ఎలా ఉంది సార్?

…

అంతే కదా సార్. నేనూ అదే అనుకున్నా. కానీ ఇంటి పిల్లాడు కదా, ఎంతోకొంత నమ్మాలనిపిస్తుంది.

మాట్లాడతారా? అయ్యో, తప్పకుండా, ఇదిగో… ఒరే, సార్ మాట్లాడతారట. భయపడకు, ఉన్నదున్నట్టు చెప్పు, నిదానంగా—

హలో.

హలో… చిన్నోడా… హలో…

పెట్టేశాడు సార్.